చక్రాలమీద గృహస్థాశ్రమం

గృహస్థుడు అనగానే మనకు గృహమే ముందు స్ఫురిస్తుంది. గడప, గోడలు, పెరటిలో బావి, వీధిలో నలుగురూ ఎరిగిన పేరు—ఇవి లేని గృహస్థుణ్ణి ఊహించడం మనకు కష్టం. మన ప్రాచీనులకు అది కష్టం కాలేదు. బౌధాయన ధర్మసూత్రం గృహస్థులను శాలీనులు, యాయావరులు, చక్రచరులు అని మూడు తెగలుగా చెప్పినది. శాలను ఆశ్రయించి ఉండేవాడు శాలీనుడు; శ్రేష్ఠమైన జీవనవృత్తితో సాగిపోయేవాడు యాయావరుడు; వరుసగా తిరిగేవాడు చక్రచరుడు. కావ్యమీమాంసాకర్త రాజశేఖరుడు యాయావరవంశంలో పుట్టినవాడే. అనగా, భార్యాబిడ్డలతో, నిత్యకర్మలతో, ఒకచోట నిలువకుండా బ్రతకడం ఈ దేశంలో ఒకప్పుడు వింత కాదు. దానికొక పేరుండేది, ఆ పేరుకొక మర్యాద ఉండేది.

నేను గోవా కతోలికుణ్ణి. దక్షిణ గోవాలో సాష్టి తాలూకాలోని ఒక పల్లె మాది. ముప్పైయేండ్లు బడిపంతులుగా పనిచేసి, విశ్రాంతి పొందిన తరువాత ఇటువంటి గ్రంథాలు అనువాదాలలో చదువుకొంటున్నాను. పై మాట కంటబడినప్పుడు నాకు జ్ఞాపకం వచ్చినది మహర్షులు కారు, నా చెల్లెలి కూతురు. ఆమె అమెరికాలో నర్సు. 2016లో ఆమె, భర్త కలిసి ఉన్న ఇల్లు అమ్మివేసి, ఒక మోటారు ఇల్లు కొని, ఇద్దరు పిల్లలతో అందులో కాపురం పెట్టినారు. ఆ వార్త వచ్చిన నాటినుండి నా చెల్లెలికి మనశ్శాంతి లేదు. ఎవరేమి చెప్పినా ఆమె ఒకే ప్రశ్న అడిగేది: “గడపలేని ఇంట్లో దేవుణ్ణి ఎక్కడ నిలుపుతారు?”

ఆ ప్రశ్నకు జవాబు స్వయంగా చూచి చెప్పవలెనని 2019 జనవరిలో నేను బయలుదేరినాను. న్యూమెక్సికో రాష్ట్రంలో, రియో గ్రాండె నది లోయలో, ఒక చిన్న పట్టణపు ఆసుపత్రిలో అప్పుడామెకు పని. జనవరి 28వ తేదీ సోమవారంనాడు ఆమె పనిలో చేరినది. ఏప్రిల్ 28తో గడువు తీరినది. సరిగా పదమూడు వారాలు. ఆ పదమూడు వారాలూ నేను వారితోనే ఉన్నాను.

ముందుగా ఆ ఇంటిని గురించి నాలుగు మాటలు చెప్పవలె. అక్కడివారు దానిని పొడి అక్షరాలలో ‘ఆర్.వి.’ అంటారు. ముప్పైయొక్క అడుగుల పొడవు, ఎనిమిదడుగుల చిల్లర వెడల్పు. ముందుభాగం లారీ, వెనుకభాగం ఇల్లు. నిలిపిన చోట ఒక మీట నొక్కితే ఒక వైపు గోడ బయటికి జరిగి, గది రెండడుగులు విశాలమవుతుంది. అడుగున మూడు తొట్లు: ఒకటి మంచినీటికి, ఒకటి స్నానపు నీటికి, మూడవది మరుగుదొడ్డికి. రెండు తొట్లు నింపుకొనకుండా, ఒకటి ఎండిపోకుండా చూచుకొనడమే ఆ గృహనిర్వహణలో సగం. మేమున్న లోయలో జనవరి రాత్రులు నీరు గడ్డకట్టేంత చలి. నీటిగొట్టానికి విద్యుత్తుతో వేడెక్కే పట్టీ చుట్టి ఉంచేవారు. ఒకనాటి రాత్రి ఆ పట్టీ పనిచేయక, తెల్లవారి కాఫీకి చుక్కనీరు లేకపోయినది. మా ఊరి బావి విలువ నాకు ఆనాడు తెలిసినది.

ఈ వాహనాలలో అధికభాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్కార్ట్ పట్టణంలోను, దాని చుట్టుపట్ల ఊళ్లలోను తయారవుతాయి. అక్కడి కర్మాగారాలలో ఆమిష్ మతస్థులు పెద్దసంఖ్యలో పనిచేస్తారు. వారు తమ మతనియమం చొప్పున సొంతకారు ఉంచుకోరు, నడపరు, గుర్రపుబండ్లలో తిరుగుతారు. తరతరాలుగా ఒకే నేలను దున్నుకొనే జనం, మోటారు నడపని జనం, లోకానికి మోటారు ఇళ్లు కట్టియిస్తున్నారు. కదలనివారికీ కదిలేవారికీ మనం అనుకొన్నంత దూరం లేదేమో!

మేనకోడలు ఈ బ్రతుకును వినోదంకొరకు ఎన్నుకొన్నదని ఊరిలో అనుకొన్నారు. అది నిజం కాదు. పట్టణంలో వారికి ఇల్లుండేది. ఆ ఇంటిమీద అప్పుండేది. ఆమె నర్సు చదువుమీద మరొక అప్పుండేది. ఈ రెండిటినీ తీర్చడానికి ఆమె రాత్రిపూట, భర్త పగటిపూట పనిచేసేవారు. పిల్లలు జీతానికి పెట్టుకొన్నవారి చేతులలో పెరిగేవారు. “ఆ ఇంటికి గడపలు నాలుగున్నవి, మామా. ఆ నాలుగింటిలో ఏ గడప దగ్గరా మేము నలుగురం కలుసుకొనలేదు” అన్నది ఆమె నాతో. అమెరికాలో నర్సుల కొరత ఉన్న ఆసుపత్రులు బయటినుండి నర్సులను కొద్దికాలానికి పిలిపించుకొంటాయి. అటువంటి ఒప్పందం సాధారణంగా పదమూడు వారాలు. జీతం కొంత ఎక్కువ. ఇల్లు అమ్మి ఒక అప్పు తీర్చినారు. ఈ సంచారంతో రెండవది తీరుస్తున్నారు. భర్త కొన్ని వ్యాపారసంస్థల లెక్కలు కంప్యూటరుమీద వ్రాస్తూ, పిల్లలకు చదువు తానే చెప్పుకొంటున్నాడు.

ఆ ఇరుకు చూచినప్పుడు నాకు మా తండ్రి కాలం గుర్తుకు వచ్చినది. మా తండ్రి ఓడలలో వంటవాడు. గోవాలో నేల పోషించలేని కుటుంబాల మగవారు ఆ రోజులలో బొంబాయి చేరి, ఓడ దొరికేవరకు ‘కూడ్’లలో ఉండేవారు. కూడ్ అంటే కొంకణిలో గది. గోవాలోని ఒక్కొక్క ఊరివారు బొంబాయి ధోబీ తలావ్, మజగావ్ ప్రాంతాలలో తమ ఊరి పేరిట ఒక్కొక్క కూడ్ నడిపేవారు. అటువంటివి వందలకొద్ది ఉండేవి. కొన్ని నేటికీ ఉన్నవి. అందులో మనిషికి దక్కే చోటు ఒక ట్రంకుపెట్టె, దానిపక్కన ఒక చాప. ఇంతటి ఇరుకులోనూ ఒక గోడకు పీఠం, పీఠంమీద ఊరి గుడిలోని పునీతుని ప్రతిమ, ప్రతి సాయంకాలం అందరూ కలిసి జపమాల—ఇది మాత్రం తప్పేది కాదు. నేలను విడిచినవారు దేవుణ్ణి ట్రంకుపెట్టెలతోపాటు వెంట తీసుకొనిపోయినారు. నా మేనకోడలు క్రొత్తగా చేసినదేమీ లేదు. తాత చేసిన పనినే భార్యాభర్తలు, బిడ్డలు కలిసి చేస్తున్నారు, అంతే. తాతకు ఆ కలయిక దక్కలేదు. మా తండ్రిని నేను రెండేండ్లకొకసారి చూచేవాణ్ణి.

ఇక నా చెల్లెలి ప్రశ్న. దేవుణ్ణి నిలిపిన చోటు వంటపొయ్యికీ కిటికీకీ నడుమ జానెడు పలక. దానిమీద మరియమాత ప్రతిమ. బండి కదిలినప్పుడు పడిపోకుండా అడుగున జిగురుమైనం పెట్టి అతికించినారు. భోజనపు బల్లను కిందికి దించి, దిండ్లు పరిస్తే అది పడక అవుతుంది. ఆ పడక నాకు ఇచ్చినారు. అందుచేత భోజనం ముగిసిన తరువాత, బల్ల దించకముందు, జపమాల చెప్పితీరవలె. బల్ల దించితే కూర్చోడానికి చోటుండదు. చెప్పకపోతే ముసలి తాతకు నిద్ర లేదు. మా ఊరి పెద్ద ఇంట్లో జపమాలకు పిల్లలను పిలవడానికి మూడు కేకలు వేయవలసివచ్చేది. అక్కడ ఎవరినీ పిలవవలసిన పని లేదు. పారిపోవడానికి రెండవ గది లేదు.

బండి కదిలేనాడు మరొక జపమాల వంటిది ఉన్నది. భర్త చేతిలో చీటీ పట్టుకొని ఒక్కొక్కటే చదువుతాడు. కుమారుడు బయట తిరిగి చూచి బదులు చెబుతాడు. నీటిగొట్టం తీసినామా? విద్యుత్తు తీగ తీసినామా? గ్యాసు కట్టినామా? మెట్టు ముడిచినామా? బండిని నిలబెట్టే కాళ్లు ఎత్తినామా? చివరి ప్రశ్నకు బదులు వచ్చిన తరువాత అందరూ సిలువ గుర్తు వేసుకొంటారు. చోదకుని ముందు పునీత క్రిస్తోఫరుగారి చిన్నబొమ్మ ఉన్నది. 1969లో రోమాపురి పంచాంగాన్ని సంస్కరించినప్పుడు ఆయన పండుగను సార్వత్రిక పంచాంగంనుండి తీసివేసినారు. స్థానికంగా జరుపుకొనడాన్ని నిషేధించలేదు, పునీతుల జాబితానుండి ఆయనను తొలగించలేదు. పెద్దపీట తగ్గినా ఆయన బండ్లు దిగిపోలేదు.

ఆదివారాలలో నేనొక సంగతి గమనించినాను. మనుమడు టెక్సాసులో విన్న సువార్త కథ న్యూమెక్సికోలో ఆగిన చోటినుండి సాగినది. 1969లో వచ్చిన పఠనక్రమం ప్రకారం, ఒక ఆదివారంనాడు లోకంలోని లాటిన్ ఆచారపు దేవాలయాలన్నిటిలోను ఒకే పుట తెరుస్తారు. 2019 లూకా సువార్త సంవత్సరం. పాటల రాగం మారుతుంది, భాష ఒకచోట ఇంగ్లీషు, మరొకచోట స్పానిషు అవుతుంది. పుట మాత్రం మారదు. ఊరు మారినా బడిపుస్తకం మారని విద్యార్థి వంటివాడు మా వాడు.

ఇవన్నీ చెప్పి, లోటు చెప్పకపోవడం ధర్మం కాదు. ఫిబ్రవరిలో ఒక రాత్రి మనుమరాలికి తీవ్రమైన జ్వరం వచ్చినది. తల్లి ఆసుపత్రిలో రాత్రిపనిమీద ఉన్నది. మా పల్లెలో అయితే ఆ సమయంలో ఎదురింటి తలుపు తడతాము; కషాయమో కబురో వస్తుంది. అక్కడ పక్క బండిలో ఎవరున్నారో మాకు తెలియదు. వారు ఆ సాయంకాలమే వచ్చి దిగినారు. తెల్లవారేవరకు అల్లుడు, నేను తడిగుడ్డ మార్చుకొంటూ కూర్చున్నాము. మనుమడి స్నేహాలు కూడ పదమూడు వారాలవే. ఒకనాడు వాడు వ్రేళ్లమీద లెక్కపెట్టి, తనకు ఏడుగురు ప్రాణస్నేహితులు ఉన్నారని, ఏడుగురూ ఏడు ఊళ్లలో ఉన్నారని చెప్పినాడు. వాడు గొప్పగానే చెప్పినాడు. తల్లి మొగం అవతలికి తిప్పుకొన్నది.

ఆమెను అన్నిటికంటె ఎక్కువగా బాధించిన విషయం వేరొకటి. వాడికి ఎనిమిదేండ్లు నిండినవి. ప్రథమ దివ్యసత్ప్రసాద స్వీకారానికి అది తగిన వయస్సు. అంతకుముందు రెండు ఊళ్లలో ఆమె విచారణ కార్యాలయానికి వెళ్లి అడిగినది. విచారణ అంటే ఒక గురువు పాలనలో ఉండే విశ్వాసుల సమాజం. ఇంగ్లీషులో పారిష్ అంటారు. రెండుచోట్లా ఒకటే జవాబు: ఇక్కడ పేరు నమోదు చేసుకోవలె, రెండేండ్లు సత్యోపదేశ తరగతికి రావలె. ఆ నియమం చెడ్డది కాదు. తొందరపాటును ఆపడానికి పెట్టినది. కాని ఏ ఊరిలోనూ రెండేండ్లు ఉండనివారికి దాని అర్థం ‘ఎన్నటికీ లేదు’ అని. గోవానుండి నా చెల్లెలు ప్రతివారం ఫోనులో ఒకటే మాట: “వాణ్ణి ఇక్కడికి తీసుకొనిరండి, మన గుడిలో చేయిద్దాం.” రాకపోకల ఖర్చుతో మేనకోడలి అప్పు మరొక ఏడాది పెరుగుతుంది. ఈ మాటలు వింటూ ఒకనాడు మనుమడు అడిగినాడు: “అమ్మా, మనది ఏ గుడి?”

ఇక్కడ ఒక విచిత్రం చెప్పవలె. ఇటువంటి సంచారులకు రాజ్యం ఏనాడో చిరునామా ఇచ్చినది. దక్షిణ డకోటా రాష్ట్రంలో ఒక్క రాత్రి బసచేసి, బస రసీదు, అక్కడ ఉత్తరాలు అందుకొనే చిరునామా చూపిస్తే బండి నడిపే లైసెన్సు ఇస్తారు. మా వారి కాగితాలన్నీ ఆ రాష్ట్రానివే. ఒక్క రాత్రికి ప్రభుత్వం వారిని తన వారన్నది. రెండేండ్లు లేనిదే గుడి తన వారనదా? మేనకోడలి దుఃఖం ఇది.

మార్చి 6న విభూతి బుధవారం. పూజ ముగిసిన తరువాత ఆమె అక్కడి విచారణ గురువును కలిసినది. నేను వెంట ఉన్నాను. ఆయన వృద్ధుడు, చాల నెమ్మదిగా మాట్లాడేవాడు. అంతా విని, అలమరలోనుండి 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రగ్రంథం తీసి మాకు చూపినాడు. అందులో 100వ సూత్రం మనుష్యులను నివాసాన్నిబట్టి నాలుగు విధాలుగా విభజించినది: స్థిరనివాసి, తాత్కాలికనివాసి, తన ఊరు ఉండి ఇతరచోట ఉన్న ప్రయాణికుడు, ఏ ఊరూ లేని సంచారి. లాటినులో ఈ సంచారిని ‘వాగుస్’ అంటారు. మూడు నెలలైనా ఉండే ఉద్దేశంతో వచ్చినవాడు వచ్చిననాడే తాత్కాలికనివాసి అవుతాడు. అది కూడ లేని సంచారికి గురువెవరు? 107వ సూత్రం జవాబు చెప్పినది: అతడు ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో అక్కడి గురువే అతని సొంత గురువు.

“అమ్మా, మీరు పదమూడు వారాలకు వచ్చినారు. అంటే మూడు నెలలు. కాదు, మీరు వట్టి సంచారులే అనుకొన్నా సరే. ఎటు చూచినా మీ గురువును నేనే. మీరు ఈ ఊరిలో నిద్రపోతున్నారు గనుక” అన్నాడు ఆయన.

తరువాత ఆయన చెప్పిన మాట నేను మరువలేను. పారిష్ అనే పదానికి మూలం గ్రీకుభాషలోని ‘పరోయికియ’. దానికి అర్థం పరదేశంలో పరాయివాడుగా తాత్కాలికంగా కాపురముండడం. మొదటి క్రైస్తవులు తమ సమాజానికి పెట్టుకొన్న పేరు అది. కాలక్రమాన దానికి హద్దులు వచ్చినవి, దస్తావేజులు వచ్చినవి, రాతిగోడలు వచ్చినవి. పరాయివారి మజిలీ అనే అర్థం పోయి సొంత ఊరు అనే అర్థం స్థిరపడినది. ఆ దేశంలోనే 1907లో పునీత అంతోని పేరిట ఒక రైలుపెట్టెను గుడిగా మార్చి, గురువులు లేని ఊళ్లకు పట్టాలమీద పంపినారట. “గుడే చక్రాలమీద తిరిగిన దేశం ఇది. మీ ఇల్లు తిరగడం తప్పా?” అని ఆయన నవ్వినాడు.

ఆయన ఊరకే అనుమతి ఇవ్వలేదు. వారానికి రెండు సాయంకాలాలు పిల్లవాణ్ణి కూర్చోబెట్టి పరీక్షించినాడు. బిడ్డలకు విశ్వాసం నేర్పే మొదటి బాధ్యత తల్లిదండ్రులదే గనుక, మూడేండ్లుగా ఆ భోజనపు బల్లమీద తల్లీతండ్రీ చెప్పిన పాఠాలు వాడిలో ఎంత నిలిచినవో చూచినాడు. అవి నిలిచే ఉన్నవి.

ఏప్రిల్ 19 పవిత్ర శుక్రవారం. ఆ ప్రాంతంలో చిమాయో అనే గ్రామం ఉన్నది. 1816లో పూర్తియైన మట్టిగోడల గుడి అక్కడ ఉన్నది. పవిత్ర శుక్రవారంనాడు ఆ గుడికి వేలమంది నడిచి వస్తారు. నలభై కిలోమీటర్లకు పైగా దూరమున్న శాంటా ఫే నగరంనుండి కొందరు, అంతకంటె దూరంనుండి కొందరు. మేము చివరి కొన్ని మైళ్లు నడిచినాము. వృద్ధులు, ఊతకర్రలవారు, చంటిబిడ్డలను భుజాన వేసుకొన్నవారు రహదారి అంచున బారులుతీరి పోతున్నారు. ఆనాడు ఆ త్రోవలో ఎవరిది ఏ ఊరని ఎవరూ అడగలేదు. ఆ గుడిలోపలి చిన్నగదిలో ఒక గుంట ఉన్నది. యాత్రికులు అందులోని మట్టిని భక్తితో చిటికెడు తీసుకొంటారు. మనుమడు తన వంతు మట్టి ఒక డబ్బాలో పోసి, ఇంటికి వచ్చి మరియమాత పాదాలవద్ద పెట్టినాడు. వారికి సొంతమైన నేల అంతమాత్రం ఉన్నది.

ఏప్రిల్ 28, పునరుత్థాన పండుగ తరువాతి ఆదివారం. ఆనాటి సువార్త, చూడనిదే నమ్మనన్న తోమాసుగారి కథ. భారతదేశానికి వచ్చినాడని మనం తలచుకొనే అపోస్తలుడు అంత దూరాన మా కుటుంబపు వేడుకకు కూడ రావడం నాకు ఆనందంగా ఉన్నది. ఉదయం పది గంటల పూజలో మనుమడు దివ్యసత్ప్రసాదం స్వీకరించినాడు. గోవాలో అప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. నా చెల్లెలు ఫోనులో అంతా చూచినది. ముగిసిన తరువాత చాలసేపు మాట్లాడలేదు. చివరకు, “గుడి చిన్నది, కాని శుభ్రంగా ఉన్నది” అన్నది. మరునాడు ఉదయం చీటీ చదివి, గొట్టం తీసి, కాళ్లు ఎత్తి, వారు ఉత్తరదిశగా సాగిపోయినారు. గురువు వచ్చి బండిమీద తీర్థం చల్లినాడు.

మరుసటి ఏడు వసంతంలో మహమ్మారివల్ల లోకమంతటా గుళ్లు మూతపడినవి. 2020 ఏప్రిల్ 12న పునరుత్థాన పండుగనాడు మా ఊరి శాలీనులందరూ తమ ఇంటి పీఠంముందు మోకరించినారు. నా చెల్లెలికి అది కొత్త; ఆమె కూతురు కుటుంబానికి అది నాలుగేండ్ల అలవాటు. ఆ నెలలలో మేనకోడలు రోగుల నడుమ పనిచేస్తూ, భర్తాబిడ్డలను కిటికీలోనుండే చూచుకొన్నది. ఆ పలకమీది ప్రతిమను గురించి నా చెల్లెలు మరి ప్రశ్న వేయలేదు. 2022లో మనుమరాలి ప్రథమ సత్ప్రసాదం వేరొక రాష్ట్రంలో జరిగినది. తల్లి ఆ ధర్మశాస్త్రపు పుట ప్రతిని వెంట తీసుకొని వెళ్లినది; దానిని తెరవవలసిన అవసరం కలుగలేదు.

నేను ఇంటికి తిరిగివచ్చిన వారంలోనే మా ఊరి గుడికి వెళ్లి, జ్ఞానస్నానాల పుస్తకం చూపించమని అడిగినాను. మనుమడు పుట్టినప్పుడు తల్లి ఇక్కడికి వచ్చి, 2011లో వాడికి ఈ గుడిలోనే జ్ఞానస్నానం ఇప్పించినది. వాడి పేరు ఉన్న వరుసలో అంచున కొంత ఖాళీ ఉన్నది. రేపు వాడు ఏ దేశంలో భద్రమైన అభ్యంగనం పొందినా, ఎక్కడ వివాహమాడినా, అక్కడి గురువు ఈ గుడికి కబురు పంపవలె. ఇక్కడి గురువు దానిని ఆ ఖాళీలో వ్రాయవలె. అది శ్రీసభ నియమం. వాడి బండి ఎక్కడెక్కడ తిరిగినా, వాడి జీవితపు ముఖ్యమైన వార్తలు చేరవలసిన చోటు ఈ పుటలో వ్రేలెడంత కాగితం. నేను ఆ పుస్తకం మూసి గురువుగారి చేతికి ఇచ్చినాను. ఆయన దానిని తిరిగి ఇనుపపెట్టెలో పెట్టి తాళం వేసినారు.